పొగచూరిన పాతదనము

భూర్జవృక్షాన్ని చీనా భాషలో ‘హ్వా’ అంటారు. ఉత్తర భారతంలో మన పూర్వులు ఆ చెట్టు బెరడుపై గ్రంథాలు వ్రాశారు. చీనీయులు వెదురు బద్దలపై, పట్టుపై, తరువాత కాగితంపై వ్రాసుకొన్నారు. ఈ బెరడును ఇతర అవసరాలకు వాడుకొన్నారు. 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ తన ఓషధి గ్రంథంలో ఆ వివరాలు చెప్పాడు. చర్మకారులు దానిని పాదరక్షలకు అస్తరుగా వేసేవారు. మైనాన్ని దానిలో చుట్టి దీపంగా వెలిగించేవారు. చిత్రకారులు దాని పొగను కాగితానికి పట్టించి, కొత్త పటాన్ని పాతదానివలె భ్రమింపజేసేవారట! చిత్రానికి కూడా వారి మాట ‘హ్వా’యే కనుక చెట్టుకు ఆ పేరు అందువల్లనే వచ్చిందని ఆయన భావించాడు.

లేని పాతదనం కోసం వారు పొగ పెట్టారు. ఉన్న పాతదనాన్ని మనం వంటింటి పొగకు, చెదలకు వదలివేశాము.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తాటిచెట్టు లేని ఊరు అరుదు. దాని ఆకును ఆరబెట్టి, గంటంతో అక్షరాలు గీచి, మసి పూసి మన పెద్దలు చదువుకొన్నారు. జాబుకు ‘కమ్మ’ అన్న పేరు ఆ ఆకు ఇచ్చినదే. ‘పత్రిక’లో ఉన్నది పత్రమే. ఉర్దూలో పుటను తెలిపే ‘వరఖ్’ కూడా అరబ్బీలో ఆకు. 7వ శతాబ్దంలో కళింగాన్ని దర్శించిన హ్యుయాన్ త్సాంగ్ దక్షిణదేశంలోని ఒక తాళవనాన్ని వర్ణిస్తూ, ఆ ఆకులపైనే దేశమంతటా వ్రాస్తారని చెప్పాడు. తాటాకు గ్రంథానికి చీనీయులు పెట్టుకొన్న పేరు ‘బెయ్‌యె’లోని మొదటి భాగం మన ‘పత్ర’ శబ్దమే. మాట అంత దూరం ప్రయాణించింది. ఆకు మాత్రం అటక దిగలేదు.

“అన్నీ అచ్చయినవి కదా, ఇక తాటాకులెందుకు?” అని కొందరంటారు. ఇది తొందరపాటు మాట. 19వ శతాబ్దంలో బ్రౌన్ దొర ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పండితులచేత సరిచూపించాడు. ప్రతికీ ప్రతికీ పాఠం మారుతుంది. ఊరి వైద్యుని యోగాలు, ఇంటి లెక్కలు అచ్చుకు ఎక్కినవి కావు.

విద్యార్థి మిత్రులారా! ఈ ప్రాంతపు బిడ్డ గిడుగు రామమూర్తిగారు ముఖలింగం శాసనాలను స్వయంకృషితో చదువ నేర్చారు. మనకు అంత శ్రమ కూడా లేదు. సెలవులలో మీ ఇంటి అటక చూడండి. తాటాకు కట్టయినా, తాతగారి ఉర్దూ, ఫారసీ వ్రాతప్రతి అయినా, యజమాని అనుమతితో ప్రతి ఆకునూ ఛాయాచిత్రం తీయండి. పేరు, ఊరు వ్రాసిపెట్టండి. కట్టను వారింటనే ఉంచండి. చదువగల వృద్ధులు ఉన్నప్పుడే వారి ప్రక్కన కూర్చోండి. ఆకు మిగిలినా, దానిని చదివేవారు మిగలకపోతే ఫలమేమి?