అరిష్టానికే అరిష్టమా?

వేపకు అమరకోశకారుడు చెప్పిన పర్యాయపదాలలో 'అరిష్టము' ఒకటి, 'సర్వతోభద్రము' మరొకటి. మొదటిదానికి హాని లేనిదని వ్యుత్పత్తి. మన వాడుకలో మాత్రం అది కీడుకే చెల్లింది. ఇప్పుడా రెండర్థాలూ ఒక్క చెట్టు మీదనే కలియబడుతున్నవి.

2021లో తెలుగునాట ఊరూరా వేపలు కొమ్మల చివరలనుండి మాడిపోవడం మిత్రులందరూ చూచియే ఉంటారు. నిప్పు సెగ తగిలినట్లు చిగుళ్ళు ఎండి, ఎండు క్రమంగా క్రిందికి దిగుతుంది. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం దీనికి ముఖ్యకారణం. 1990ల నుండి శాస్త్రజ్ఞులకు తెలిసినదే. దీనికి తోడు టీ దోమ. పేరుకు దోమయే గాని, లేత రెమ్మల రసం పీల్చే నల్లిజాతి పురుగు అది. వానలలో తెగులు విజృంభిస్తుంది, వేసవి తొలినాళ్ళలో చాలా చెట్లు మరల చిగురిస్తాయి.

ఈ చివరి సంగతి తెలియకనే ఎన్నో చెట్లు గొడ్డలి పాలైనవి. ఎండినదంతా చచ్చినది కాదు. బెరడు గోటితో గీరి చూడండి, లోపల పచ్చదనముంటే ఆ చెట్టు బ్రతికియే ఉన్నది.

అలాగని, వేపకేమవుతుందిలే అన్న ధీమానూ నేనొప్పను. వేప అంతరించే జాతి కాదు, నిజమే. కాని తెగులు పూతనూ కాయనూ కూడ తినివేస్తుంది. పూత లేనిదే ఉగాది పచ్చడి సంగతి అటుంచండి, విత్తనమెక్కడిది? పైగా తెగులు విత్తనం వెంట కూడ ప్రయాణిస్తుంది. కనుక నారుమళ్ళవారు రోగపు చెట్టు క్రింద పండ్లు ఏరుకొనరాదు. 2018లో వేపను రాష్ట్రవృక్షంగా ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈపాటి కట్టడి చేయలేదా?

మందుల విషయంలో నాది కొంత చాదస్తమే అనుకోండి. కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశకాలను శాస్త్రవేత్తలు సూచించారు, నేను కాదనను. కాని పిల్లలు పుల్ల విరిచి పళ్ళు తోముకునే చెట్టు మీద, అమ్మవారు పోసినవారి పక్కలోకి రెమ్మలు కోసే చెట్టు మీద, పురుగుమందు ఎవరికి తోచినట్లు వారు కొట్టడం నాకు సమ్మతం కాదు. ముందు చేయదగినది కత్తిరింపు. ఎండు దిగినంత మేరకు గాక, దానికి దిగువన పచ్చి భాగంలో కోసి, కోసిన కొమ్మలను అప్పుడే కాల్చివేయాలి. ఒక్క ఇంటివారు చేస్తే చాలదు, ప్రక్కవీధి చెట్టునుండి వానజల్లుతో గాలితో మరల వస్తుంది. పంచాయతీకి ఒక తీర్మానం, రెండు నిచ్చెనలు, నాలుగురోజుల కూలి, అంతే ఖర్చు. ఆ కొమ్మలు ఎవరి పొయ్యిలోకి పోయినా సరే, దొడ్డిలో కుప్పపోసి మాత్రం ఉంచకండి.