చాలు అనే కొలత

ఒక దేశం ఏడాది కాలంలో ఉత్పత్తి చేసిన వస్తువుల, సేవల మొత్తం విలువను స్థూల దేశీయోత్పత్తి అంటారు. అది ఏటేటా పెరుగుతూ ఉంటే దేశం ముందుకు సాగుతున్నదని లోకుల నమ్మకం. ఈ కొలతకు ఒక చిత్రమైన గుణం ఉంది. అనంతపురం వంటి కరువు ప్రాంతంలో నీరు అందక రైతు బోరుబావిని మరింత లోతుకు వేయిస్తే, యంత్రానికీ గొట్టాలకూ మోటారుకూ అయిన ఖర్చు దేశపు లెక్కలో చేరుతుంది. నేల కింద తరిగిపోయిన నీటిని మాత్రం ఆ లెక్కలోనుంచి ఎవరూ తీసివేయరు. వండి వడ్డించి, పసివారినీ వృద్ధులనూ కనిపెట్టుకొని ఉండే ఇల్లాలి శ్రమకు అందులో అసలు చోటే లేదు.

ఈ లోపం పెద్దలకు తెలియనిది కాదు. అమెరికా జాతీయాదాయాన్ని లెక్కగట్టిన సైమన్ కుజ్నెట్స్, ఆదాయపు అంకెను చూసి ప్రజల క్షేమాన్ని అంచనా వేయరాదని 1934లోనే హెచ్చరించాడు. పరిమితమైన భూమి మీద అపరిమితమైన పెరుగుదల సాగదని 1972లో 'వృద్ధికి పరిమితులు' అనే గ్రంథం వాదించింది. అంతకంటే ముందే మన దేశంలో జె.సి. కుమారప్ప ఈ సంగతిని తేటగా చెప్పాడు. 1945లో వెలువడిన 'శాశ్వత ఆర్థిక వ్యవస్థ' అనే గ్రంథాన్ని ఆయన జైలులో ఉండి రాశాడు. బొగ్గు, చమురు వంటివి తోడుకొన్నకొద్దీ తరిగిపోయే నిల్వలనీ, వాటి మీద కట్టిన జీవితం నిలవదనీ ఆయన అభిప్రాయం.

అందరికీ సరిపడినంత, ప్రకృతి భరించగలిగినంత అనే రెండు హద్దుల నడుమ సమాజాన్ని మలచుకోవాలనే భావనను నేడు 'వృద్ధి అనంతర' భావన అంటున్నారు. ఈ భావన గ్రంథాలలో ఎంత బాగున్నా, దానిని ఆచరణలోకి తేవలసినవారు చిన్న చిన్న ఊళ్ళలోని సామాన్యులు. వారి ప్రయత్నాలకు ఊతమివ్వడం కోసం అనేక దేశాలలో కార్యశాలలు, అనగా వర్క్‌షాపులు, జరుగుతున్నాయి. ఇంగ్లండులోని టాట్నెస్ అనే చిన్న పట్టణంలో 2006లో మొదలైన ఉద్యమం ఇటువంటి శిక్షణల ద్వారానే ఇతర దేశాలకు పాకింది. ఆ పట్టణంవారు 2007లో తమకంటూ ఒక స్థానిక కరెన్సీని కూడా ప్రవేశపెట్టుకొన్నారు. జనం నోట్లు వాడడం తగ్గిపోవడంతో 2019లో దానిని ఆపివేశారు. ఓడిపోయిన ప్రయోగాన్ని దాచిపెట్టకపోవడం వారి పెద్దరికం.

అయితే ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పెద్ద ఇళ్ళు, కార్లు అనుభవించిన దేశంవారు 'ఇక చాలు' అనుకోవడంలో అర్థం ఉంది. ఏనాడూ కడుపునిండా తినని మనిషితో 'చాలు' అనే మాట చెప్పే హక్కు ఎవరికుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేని కార్యశాల, ఎంత మంచి మాటలు పలికినా, పేదవానికి అవమానమే అవుతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి జహీరాబాదు ప్రాంతం మంచి తావు. నేడు సంగారెడ్డి జిల్లాలో, నాడు మెదక్ జిల్లాలో ఉన్న పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. సుమారు 75 గ్రామాలలో దాదాపు 5 వేల మంది పేద స్త్రీలు, అత్యధికులు దళితులు, దాని ఆధ్వర్యంలో సంఘాలుగా కూడారు. ఆ సంవత్సరమే రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఆ బియ్యం ఎందరి ఆకలినో తీర్చిందన్నది నిజం. ఆ బియ్యంతోపాటు జొన్నకు గిరాకీ తగ్గి, మెట్టనేలలు బీడుపడ్డాయన్నదీ సంఘాల స్త్రీల అనుభవం.

1990ల నడుమ ఆ స్త్రీలు ఒక పని తలపెట్టారు. బీడుపడిన నేలలను మళ్ళీ సాగులోకి తెచ్చి, పండిన జొన్నలలో కొంత భాగాన్ని ఊరిలోనే నిల్వచేసి, ఆ ఊరి పేదలకే తక్కువ ధరకు పంచడం ఆ పని. పేదలెవరో తేల్చడమే అన్నింటికంటే కష్టమైన ఘట్టం. సర్కారు కాగితాలలో దానికి ఆదాయం ఒక ముఖ్యమైన కొలత. ఇక్కడ ఊరివారు నేల మీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, అందరి ఎదుట చర్చించారు. భూమి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది ఎటువంటి భూమి, ఇంట్లో కష్టపడే చేతులెన్ని, పశువులున్నాయా, పిల్లవాడు ఎవరి ఇంటనైనా జీతానికి ఉన్నాడా వంటి సంగతులు కొలతలయ్యాయి. అందరి కళ్ళెదుట జరిగే లెక్కలో ఉన్నవాడు లేనివానిగా నటించడం తేలిక కాదు. అతి పేద ఇంటికి ఎక్కువ గింజలు అందాలని ఊరే నిర్ణయించింది.

నిజమైన కార్యశాల అంటే ఇదే. దీనికి భవనం అక్కరలేదు, నల్లబల్ల అక్కరలేదు. 'చాలు' అనే మాటను బయటివాడు చెప్పలేదు. ఎవరికి చాలదో, ఎవరికి చాలుతుందో ఊరే తేల్చుకొంది. పంపకం లేకుండా పరిమితిని బోధించడం అన్యాయమని పండితులు గ్రంథాలలో రాసిన దానిని, అక్షరం రాని స్త్రీలు నేల మీద గీసి చూపారు.

అదే సంఘాలవారికి చలనచిత్రాలు తీయడంలో శిక్షణ ఇచ్చినప్పుడు జరిగిన విషయం కూడా తెలుసుకోదగినది. కెమెరాను పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ పట్టే కోణాలలో వారికి దొరకూ జీతగానికీ ఉండే సంబంధం కనిపించింది. ఎదుటి మనిషి కళ్ళకు సమానమైన ఎత్తులో పట్టే కోణానికి వారు 'సంఘం షాట్' అని పేరు పెట్టారు. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గదా! నేర్పడానికి వచ్చినవారు ఆనాడు నేర్చుకొని వెళ్ళి ఉంటారు. ఏటా సంక్రాంతి నాడు మొదలై సుమారు నెలరోజులు సాగే 'పాత పంటల జాతర' కూడా ఒక సంచార కార్యశాలయే. అలంకరించిన ఎడ్లబండ్లలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది మొదలైన విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఏ విత్తనం ఏ నేలకు నప్పుతుందో, ఏది ఎందుకు కనుమరుగైందో ఆ బండ్ల చుట్టూ చర్చిస్తారు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఒక ప్రాంతం వారి అనుభవం మరొక ప్రాంతం వారికి అందాలంటే వారు ఒకచోట కలుసుకోవాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బంజరు భూమి మీద మొదలైన టింబక్టు కలెక్టివ్‌లో 2014లో తొలి 'వికల్ప్ సంగమ్' సమావేశం జరిగింది. ఆ పరంపరలో రూపొందిన ఒక పరికరం అయిదు రేకుల పువ్వు. ప్రకృతి రక్షణ, సామాజిక న్యాయం, ఆర్థిక ప్రజాస్వామ్యం, నేరుగా ప్రజలే నిర్ణయించే రాజకీయం, సంస్కృతి జ్ఞానాల వైవిధ్యం అనేవి ఆ రేకులు. ప్రతి బృందమూ తన పనిని ఆ పువ్వుతో పోల్చి చూసుకొంటుంది. రసాయనాలు లేకుండా పంట పండించే సంఘంలో స్త్రీల మాటకు విలువ లేకపోతే, ఒక రేకు విచ్చి మరొకటి వాడిపోయినట్లు కనిపిస్తుంది. తమను తామే ప్రశ్నించుకొనే ఈ పద్ధతి మెచ్చదగినది. ప్రశంసాపత్రాలు పంచి, ఛాయాచిత్రం దిగి, ముగించే సభలకూ దీనికీ చాలా దూరం ఉంది.

కార్యశాలల శక్తిని ఎక్కువచేసి చెప్పడం కూడా తగదు. విత్తన చట్టాలను, విద్యుత్తు విధానాన్ని, రేషను దుకాణంలో ఏ ధాన్యం అమ్మాలన్న నిర్ణయాన్ని ఊరి సంఘం ఒక్కటే మార్చలేదు. ప్రభుత్వం చేయవలసిన పనిని పేద స్త్రీల భుజాల మీదికి నెట్టి, వారి స్వావలంబనను పొగడడం ఒక రకమైన తప్పించుకోవడమే.

ఇదే జహీరాబాదు ప్రాంతంలో, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో, సుమారు 12,600 ఎకరాలలో 'నిమ్జ్' అనే భారీ పారిశ్రామిక మండలాన్ని ప్రభుత్వం తలపెట్టింది. వృద్ధి అనే మాట అక్కడ పుస్తకంలో లేదు, పొలం గట్టు మీద నిలబడి ఉంది. విత్తనాన్ని తరతరాలుగా కాపాడిన తల్లికి ఆ నేల అన్నం పెట్టిన నేల. చదువుకొని ఇంటికి వచ్చిన ఆమె కొడుకుకు ఉద్యోగం కావాలి. అతని కోరిక తప్పు కాదు. ఆమె భయమూ తప్పు కాదు. ఇన్నాళ్ళుగా ఊరి పటం గీసిన ఆ నేల మీద, తల్లితోపాటు కొడుకును కూడా కూర్చోబెట్టి, అతనికి ఏది చాలుతుందో అతని నోటనే చెప్పించే కార్యశాల ఇప్పుడు జరగవలసి ఉంది.