ఉప్పుకాగితం లెక్క

లాలాపేటలో ఒక సర్కారు బడి. ఏడో తరగతి, తెలుగు పీరియడ్. బోర్డు మీద నాలుగు గడులు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. వాటి కింద మనమందరం చదువుకున్న ఉదాహరణే, ఆమె ముఖం చంద్రబింబం వలె ఉంది. టీచర్ అడగడమే ఆలస్యం, తరగతి తరగతంతా నాలుగు పేర్లూ గడగడా అప్పజెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. వెనక బెంచీలో కూర్చున్న నేను టీచర్ గారి అనుమతితో ఒక మాట అడిగాను. "మీరు రోజూ చూసేవాటిలో ఏది దేనిలాగా ఉంటుందో చెప్పండి."

ఎవరూ పలకలేదు. కాసేపటికి కిటికీ పక్కనున్న అమ్మాయి లేచింది. "మా నాయిన తలుపులకు పాలిష్ కొడ్తడు సార్. ఆయన చెయ్యి ఉప్పుకాయితం లెక్క ఉంటది. చెంప మీద పెడితే గీస్కపోతది. అయినా మంచిగనే ఉంటది."

బోర్డు మీది నాలుగు గడులూ ఆ మాటతో నిండిపోయాయి. చివర్న ఆ పిల్ల చేర్చిన 'అయినా'కు మాత్రం ఏ గడీ లేదు. గరుకుదనాన్నీ ప్రేమనూ ఒక్కచోట కట్టింది ఆ 'అయినా'నే. కవిత్వం ఉన్నదీ అక్కడే.

'లెక్క' అన్న మాట గురించీ చెప్పుకోవాలి. వ్యాకరణ పుస్తకాల్లో ఉపమావాచకాలంటే వలె, పోలె, రీతి, కరణి. తెలంగాణ ఇళ్లల్లో పొద్దస్తమానం వినిపించే 'లెక్క' ఆ వరుసలో కనిపించదు. ఉపమ అనే సంస్కృత మాటకు మూలార్థం దగ్గర పెట్టి కొలవడం. లెక్క అన్నా కొలతే. అలంకారశాస్త్రం పట్టుకున్న సూక్ష్మాన్నే మన జనం తమ మాటలో దాచుకున్నారు. ఆ మాట నోట్లో పెట్టుకుని బడికి వచ్చిన పిల్లకు ఉపమను మనం కొత్తగా నేర్పేదేమీ లేదు, అది నీ దగ్గర ఉందని గుర్తుచేయడం తప్ప.

మనం చేస్తున్నది వేరు. అలంకారాన్ని పాఠంలోంచి ఊడదీసి వ్యాకరణం పేజీలో పెట్టాం. గీత గీసిన వాక్యంలో ఏ అలంకారముందో గుర్తిస్తే మార్కు. కవి ఆ పోలికే ఎందుకు తెచ్చాడు, ఇంకోటి తెస్తే ఏం పోయేది అన్న ప్రశ్న పరీక్షలో రాదు కాబట్టి తరగతిలోనూ రాదు. ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన పెట్టి మనిషిని చూపించిన వేమన ముందు చూడమన్నాడు, పేరు పెట్టే పని తర్వాతివాళ్లకు వదిలాడు. మన పిల్లలకు పేరు ముందు వస్తోంది, చూపు రావడం లేదు.

ఆ చూపు కుదురుకునే చోటు నవల అని నా నమ్మకం. పద్యంలో పోలిక నాలుగు పాదాల్లో మెరిసి ముగుస్తుంది. నవలలో ఒక పోలిక వంద పేజీలు బతుకుతుంది, పాత్రలతో పాటు పెరుగుతుంది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ధారావాహికల కోసం పిల్లలు నెలనెలా ఎదురుచూశారు. నండూరి రామమోహనరావు అనువాదాలతో మార్క్ ట్వేన్ పిల్లలు టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ మన పిల్లలకు దోస్తులయ్యారు. పెద్ద కథను మనసులో మోస్తూ రోజులు గడపడం ఒక తరం అలా నేర్చుకుంది, ఎవరూ పాఠం చెప్పకుండానే.

లాలాపేటకైతే మరీ దగ్గరి పుస్తకం ఒకటుంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన 'తొత్తోచాన్' తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. చిన్ననాటి జ్ఞాపకాలే అయినా నవలలా చదివిస్తుంది. పాత రైలు డబ్బాలే అందులో తరగతి గదులు. లాలాపేట పక్కనే 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, చుట్టూ రైల్వే క్వార్టర్లు. డబ్బాలు బాగుచేసిన తాతలున్న ఇళ్ల పిల్లలు ఈ తరగతిలో ఉన్నారు. కదలని రైలు పోవడమేమిటని మొదటి రోజు నవ్విన పిల్లలే, పేజీలు తిరిగేకొద్దీ ఆ రైలు ఎటు పోతోందో పోల్చుకుంటారు. యుద్ధంలో బాంబులు పడి అది కాలిపోయేసరికి కాలింది కట్టె ఒక్కటేనా అన్నది వాళ్లకు నిర్వచనం అక్కర్లేకుండా తెలుస్తుంది.

2018 చట్టంతో తెలంగాణలో పదో తరగతి దాకా ప్రతి బడిలో తెలుగు తప్పనిసరి అయింది. 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు సర్కారు బళ్లల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. మిగతా పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో నడిచే పిల్లకు ఇక మిగిలేది ఒక్క తెలుగు పీరియడే. ఆ కాస్త సమయాన్ని గడులు నింపడానికి ఖర్చుపెట్టడం అన్యాయం. అంతర్గత మూల్యాంకనంలో పుస్తక సమీక్షకు మార్కులున్నాయి, మంచిదే. చదవడానికి పుస్తకం ఇవ్వకుండా సమీక్ష అడిగితే పిల్లలు ఎక్కడినుంచో ఎక్కించుకొస్తారు. ఆ తప్పు పిల్లలది కాదు.

అందుకే నేను కోరేది ఇంతే. ఆరు నుంచి ఎనిమిది వరకు ఏడాదికి ఒక్క నవల, మొత్తం నవల. సారాంశం వద్దు, ముక్కలు వద్దు. ఇద్దరు పిల్లలకు ఒక ప్రతి చేతిలో ఉండాలి. వారానికి రెండు పీరియడ్లు టీచర్ పైకి చదవాలి, పిల్లలు వేలు పెట్టి వెంట నడవాలి. పోలిక ఎదురైన చోట ఆగాలి. ఇది ఏ అలంకారమన్న ప్రశ్న చివరికి ఉంచి, మీ ఇంట్లో అయితే దీన్ని ఏమంటారని ముందు అడగాలి. పరీక్షలో అలంకారం పేరుకు ఒక మార్కిస్తే, ఆ పోలిక ఎందుకు నచ్చిందో రాసినందుకు నాలుగివ్వాలి.

లాలాపేట బడిలో టీచర్ గారు తన డబ్బుతో 'రైలుబడి' ఐదు ప్రతులు కొని ఈ పని మొదలుపెట్టారు. నెలన్నర తర్వాత మళ్లీ వెళ్తే ఆఖరి పేజీలు చదువుతున్నారు. బడి తగలబడుతున్న చోటుకొచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. ముందు బెంచీ పిలగాడు ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"గా డబ్బాలు మన లాలాగూడకు తెస్తే మా తాత మంచిగ చేస్తుండె టీచర్."

టీచర్ పుస్తకం మీద వేలు ఉంచి ఆగారు. తర్వాత ఆ డబ్బాలను ఎట్లా బాగుచేస్తారో వాడినే చెప్పమన్నారు.