బియ్యం డబ్బాలో దొరికిన నవల

సంక్రాంతి వెళ్లిన వారంలో నేనో దొంగతనం చేశానండీ. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే. ఎవరిదో కాదు, నా కూతురిదే.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పరీక్షలు నెత్తిమీద కూర్చున్నాయి. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక మంచినీళ్లకని లేచి చూస్తే దీని గదిలో లైటు వెలుగుతోంది. పాపం చదువుకుంటోంది కదా అని పాలు వెచ్చబెట్టి తీసుకెళ్లాను. తీరా చూద్దును కదా, ఫిజిక్సు పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం! ఏదో ఇంగ్లీషు నవల. జనవరి మొదట్లో మన విజయవాడలో జరిగే పుస్తకాల పండక్కి వెళ్లినప్పుడు పాత పుస్తకాల కుప్పలోంచి ఏరుకొచ్చిన వాటిల్లో ఒకటి. నా ఒళ్లు మండిపోయింది. మర్నాడు అది కాలేజీకి వెళ్లగానే ఆ నవలని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగుకి తోసేశాను.

సాయంత్రం వచ్చి బీరువా, మంచం కింద, ఆఖరికి మాసిన బట్టల బుట్ట కూడా వెతికింది. నన్ను మాత్రం అడగలేదు. నా మొహం చూస్తేనే తెలిసిపోయిందేమో. మూడు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అందులో ఒకరు మూతి ముడుచుకుంటే ఇల్లు ఎంత బోసిపోతుందో మీకు వేరే చెప్పాలా?

నాలుగో రోజు మధ్యాహ్నం బియ్యం తీస్తుంటే గ్లాసుకి ఆ పుస్తకం తగిలింది. పరీక్షల కన్నా ఎక్కువైపోయేంత ఏముంది ఇందులో అని పైకి తీశాను. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవాలి. పిల్లది హైస్కూల్లో వాడిన డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి పావుగంట చొప్పున మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులూ తలనొప్పే మిగిలింది. మూడో రోజు పొయ్యి మీద పాలు పొంగిపోయినా గమనించలేదు. అప్పుడు తెలిసింది, నేనూ అందులో పడ్డానని.

ఆ నవల పేరు 'ఎటికెట్ అండ్ ఎస్పియనేజ్'. మర్యాదలూ గూఢచర్యమూ అన్నమాట. రాసినావిడ గెయిల్ క్యారిగర్ అనే అమెరికా రచయిత్రి. 2013లో వచ్చింది. ఆ వరసలో 2015 దాకా మొత్తం నాలుగు పుస్తకాలు వచ్చాయి. కథ 1851లో ఇంగ్లండులో మొదలవుతుంది. సోఫ్రోనియా అని పధ్నాలుగేళ్ల పిల్ల. ఎక్కడ యంత్రం కనబడితే అక్కడ వేలు పెడుతుంది. పెద్దవాళ్ల ముందు మోకాళ్లు వంచి మర్యాద చెయ్యడం మాత్రం చేతకాదు. వాళ్లమ్మ తల పట్టుకుని, ఆడపిల్లలకి పద్ధతులు నేర్పే బడికి పంపించేస్తుంది. తీరా చూస్తే ఆ బడి నేలమీద ఉండదు! ఒకదానికొకటి అతికించిన గాలి ఓడల్లో, ఆవిరి యంత్రంతో ఆకాశంలో తిరుగుతూ ఉంటుంది. అక్కడ విందులో ఎలా కూర్చోవాలి, అందంగా మూర్ఛ ఎలా పోవాలి అన్న పాఠాలతో పాటు విషాలు గుర్తుపట్టడం, గుట్టు లాగడం కూడా నేర్పుతారు. బొగ్గు తినే ఇనప కుక్కపిల్ల ఒకటుంది. రక్తం తాగే మాస్టారు కూడా ఒకాయన ఉన్నాడు, భయపడకండి, మర్యాదస్తుడే.

ఇలాంటి కథలకి స్టీమ్‌పంక్ అని పేరట. 1987లో కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికా రచయిత పెట్టిన పేరు. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది కదా, ఆ కాలంలో అంతా ఆవిరి మయం. రైళ్లు, ఓడలు, మిల్లులు అన్నీ దానితోనే. అప్పటి యంత్రాలు ఇంకా పెద్దవై, ఇంకా వింతవై ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించి రాస్తారు. వయసు పిల్లల కోసం ఇలాంటివి వరసలు వరసలుగా వచ్చాయి. కాసాండ్రా క్లేర్ అనే ఆవిడ 1878 నాటి లండన్ కథని 2010 నుంచి 2013 దాకా మూడు పుస్తకాలుగా రాసింది.

'సెల్‌ఫోనులో సినిమాలు చూసే పిల్లలకి ఈ బొగ్గు పొగ కథలు దేనికి?' అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. నా చిన్నప్పుడు మా మేనమామ బైండు చేయించి దాచుకున్న పాత చందమామలు గుర్తొచ్చాయి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్ర గారి బొమ్మలు. వాటికోసం నేను అన్నం మానేసిన రోజులున్నాయి. కానీ అందులో సాహసమంతా మగపిల్లలదే. ఇందులో కత్తెర, తాడు, జేబులో కాస్త తినుబండారం పెట్టుకుని తిరిగేది ఆడపిల్ల. అదొక తేడా.

ఇంకో సంగతి ఓడ అడుగున దొరికింది. అక్కడ బాయిలర్ గది ఉంటుంది. మసి మొహాల కుర్రాళ్లు బొగ్గు వేస్తుంటారు. పైనున్న ఆడపిల్లలు అటు పోకూడదు. సోఫ్రోనియా మాత్రం దొంగచాటుగా దిగిపోయి వాళ్లతో స్నేహం చేస్తుంది. ఆ చోటు చదువుతుంటే నాకు పుస్తకం కనబడలేదండీ, మా నాన్న కనబడ్డారు.

మా నాన్న గుడివాడ వైపు ఒక రైసు మిల్లులో బాయిలర్ చూసుకునేవారు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకాలంటే ఆవిరి కావాలి కదా. ఊకతో మండే బాయిలర్ అది. సెలవుల్లో మధ్యాహ్నం క్యారియర్ నేనే పట్టుకెళ్లేదాన్ని. నాన్న అన్నం తినే లోపు నాకు పాఠం అయిపోయేది. ఇదిగో ఈ గాజు గొట్టంలో నీళ్లు ఈ గీత కన్నా దిగకూడదు, అదిగో ఆ ముల్లు ఎర్రగీత దాటకూడదు, దాటితే ఈ వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది అని చెప్పేవారు. ఒకరోజు నాన్న తింటుంటే గాజు గొట్టం చూసి "నాన్నా, నీళ్లు తగ్గాయి" అని నేనే అరిచాను. గుమాస్తా నవ్వి, "నీకెందుకమ్మా బాయిలరు, రేపు ఇంట్లో కుక్కరు చూసుకుంటే చాలు" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాన్న కూడా నవ్వారు. నవ్వి, లేచి వెళ్లి నీళ్లు వదిలారు. నాకూ ఇంటర్లో ఎంపీసీనే. ఆ వేసవిలో సంబంధం కుదిరింది. గుమాస్తా చెప్పినట్టే కుక్కరు చూసుకుంటున్నాను.

ఆ కుక్కరు సంగతి కూడా మా అమ్మాయే చెప్పింది. ఎలాగంటారా? అయిదో రోజు నేనే ఓడిపోయాను. పుస్తకం తీసుకెళ్లి దాని బల్లమీద పెట్టాను. అది తెరిచి, "అమ్మా, ఇందులో బియ్యప్పురుగుంది" అంది. తర్వాత పేజీల పక్కన నా పెన్సిలు గీతలు చూసి, "నువ్వు చదివావా? డెబ్బై పేజీలా?" అని నోరు తెరిచింది. గీతలు పెట్టినవన్నీ నాకు అర్థం కాని మాటలు, చెప్పి పెట్టమన్నాను. ఆ రాత్రి వంటింట్లో గట్టు మీద కూర్చుని చెప్పింది. మధ్యలో కుక్కరు కూత వేసింది.

"అమ్మా, అసలు ఆవిరి ఇంజనుకి అమ్మమ్మ మన కుక్కరే తెలుసా?" అంది. డెనిస్ పాపిన్ అనే ఫ్రాన్సు దేశస్థుడు 1679లో లండన్‌లో గట్టిగా మూత బిగించిన పాత్ర ఒకటి చేసి చూపించాడట. అందులో ఎముకలు కూడా మెత్తగా ఉడికేవట. పేలిపోకుండా దానికో వాల్వు పెట్టాడు. ఆవిరికున్న బలం చూశాక, 1690లో ఆ బలంతో పిస్టను పైకీ కిందకీ ఆడే యంత్రాన్ని ఆలోచించాడు. తర్వాతివాళ్లు ఒక్కొక్కరూ మెరుగులు దిద్దుతూ రైలింజను దాకా తెచ్చారు. మనం మూత పెట్టినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు నూరు డిగ్రీల దగ్గర కాకుండా సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే కందిపప్పు అంత త్వరగా ఉడుకుతుంది. వెయిటు ఆవిరిని పట్టి ఉంచుతుంది, ఎక్కువైతే తనే లేచి వదిలేస్తుంది. వెయిటు రంధ్రం మూసుకుపోతే సేఫ్టీ వాల్వు కాపాడుతుంది. కాబట్టి సోదరీమణులారా, ఆ రంధ్రంలో పప్పు పొట్టు లేకుండా రోజూ వెలుతురుకి పెట్టి చూసుకోండి. వాల్వు పోతే అదే కంపెనీది కొని వేయించుకోండి.

"మరి ఈ కథలంటే అంత ఇష్టమెందుకే?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఫోను పాడైతే లోపల ఏమైందో కనబడదమ్మా. పారేసి కొత్తది కొనుక్కోవడమే. ఇందులో అన్నీ కనబడతాయి. చక్రం తిరిగితే ఏది కదులుతుందో తెలుస్తుంది. ఎవరైనా విప్పి చూడొచ్చు, నేను కూడా" అంది. గాజు గొట్టంలో నీళ్లు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అదే కదా!

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. నాకు నచ్చనిది కూడా ఉంది. ఈ కథల్లో విక్టోరియా రాణి కాలం అంటే టీ పార్టీలు, సిల్కు గౌన్లు. మన వైపు ఆ కాలం వేరు. సోఫ్రోనియా గాలి ఓడ ఎక్కిన 1851 తర్వాత ఏడాదే, 1852లో, మన బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. 1855లో పూర్తయింది. కాటన్ దొర పేరు మనకి తెలుసు, దగ్గరుండి కట్టించింది ఓర్ అనే కెప్టెన్. కానీ రాళ్లు మోసిన వేలమందిలో ఒక్కరి పేరూ మనకి తెలియదు. అంతకు ఇరవయ్యేళ్ల ముందు గుంటూరు సీమలో డొక్కల కరువుకి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆనకట్ట వచ్చాకే ఈ డెల్టా నిలకడగా అన్నం తింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చేదాకా అదే మన ఆధారం. మా గుణదల పక్కనుంచి పారే ఏలూరు కాలువ కూడా ఆ నీళ్లదే. 1893లో మన బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. యంత్రాల కథ కావాలంటే మన ఊళ్లోనే బోలెడుంది.

ఇక ఆడపిల్లల సంగతంటారా, కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది 1874లో. ఆ ఏడాదే నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో భండారు అచ్చమాంబ గారు పుట్టారు. బడికి పంపినవాళ్లు లేరు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి చదువు పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నారు. గొప్ప స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. గాలి ఓడా లేదు, ఇనప కుక్కపిల్లా లేదు. అయినా ఇంతకన్నా సాహసం ఏముంటుంది చెప్పండి? ఈ సంగతులు చెబితే మా అమ్మాయి, "ఇదెవరూ నవలగా రాయలేదేంటమ్మా?" అంది. "నువ్వు రాయి" అన్నాను.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఇన్నాళ్లూ దాచాను, మీ దగ్గర దాచడమెందుకు? మా అమ్మాయి ఇంజనీరింగులో మెకానికల్ తీసుకుంటానంటోంది. "ఆడపిల్లకి మెకానికల్ ఏంటి? కంప్యూటర్లు తీసుకుంటే చల్లటి గదిలో ఉద్యోగం" అని మావారు. ఆయన్ని తప్పుపట్టను, పిల్ల సుఖపడాలనే ఆయన ఆశ. నేనూ ఆయన పక్కనే నిలబడి, "నాన్న చెప్పినట్టు విను" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు మిల్లులో గుమాస్తా అన్న మాటకీ ఈ రోజు నేనన్న మాటకీ తేడా ఏముంది? నవల దాచడం చిన్న దొంగతనమే. ఇది పెద్దది.

మొన్న రాత్రి భోజనాలయ్యాక, "ఏమండీ, దాని ఇష్టానికి వదిలేద్దామండీ" అన్నాను. ఆయన చాలాసేపు టీవీ వైపే చూశారు. "నువ్వు కూడానా?" అన్నారు. ఆ తర్వాత, "చూద్దాంలే, ముందు మంచి ర్యాంకు రానీ" అన్నారు. ఇంకా ఒప్పుకున్నట్టు కాదు. కౌన్సెలింగ్ నాటికి మళ్లీ చెప్పాలి. ఈసారి మాత్రం నేను ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలుసు.

పరీక్షలయ్యేదాకా నవల నా దగ్గరే ఉండేట్టు, ఆదివారం ఒక్క అధ్యాయం ఇద్దరం కలిసి చదివేట్టు ఒప్పందం చేసుకున్నాం. బియ్యం డబ్బాలో కాదు, దేవుడి గూటి పక్క అరలో పెట్టాను. మీ పిల్లల చేతిలో ఇలాంటి పుస్తకం కనబడితే లాక్కునే ముందు ఓ ఇరవై పేజీలు మీరు చదివి చూడండి. మీరెప్పుడో మర్చిపోయిన పిల్ల అందులో మీకు కనబడవచ్చు.