ఇల్లు ఖాళీయే, మనకి కాదు

బెజవాడకి మళ్ళీ జనం వస్తున్నారు. 2016లో సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి మారినప్పుడు ఒక విడత వచ్చారు. 2025లో అమరావతి పనులు తిరిగి మొదలయ్యాక ఇంకో విడత. ఉద్యోగం బదిలీ అయినవాళ్ళు, పిల్లల చదువులకని వచ్చేవాళ్ళు, ఊళ్ళో కూలి చాలక వచ్చేవాళ్ళు. అందరూ అడిగే మొదటి మాట ఒకటే: ఏ పేటలో వుంటే బాగుంటుంది?

దీనికి టీకొట్ల దగ్గర జవాబులు తయారుగా వుంటాయి. పటమటలో దిగితే బెంజిసర్కిలు దగ్గర, బస్సుకీ ఆసుపత్రికీ ఇబ్బంది లేదు. మొగల్రాజపురమైతే కాలేజీలు. కృష్ణలంక అయితే బస్టాండుకి నడిచి పోవచ్చు. కాస్త డబ్బుంటే కానూరు, పోరంకి వైపు కొత్త అపార్టుమెంట్లు. నీళ్ళు, బడి, బస్సు, అద్దె, ఈ నాలుగూ చూసుకుని దిగమంటారు. ఈ సలహా అబద్ధం కాదు. కాకపోతే మనకోసం చెప్పింది కాదు. మిగతావాళ్ళు పేటని ఎంచుకుంటారు. మన దగ్గరికొచ్చేసరికి పేటే మనల్ని ఎంచుతుంది. ఎంచి పక్కన పెడుతుంది.

టు-లెట్ బోర్డు చూసి గేటు తీస్తాం. ఇంటాయన నవ్వుతూనే ఎదురొస్తాడు. గదులు చూపిస్తాడు, మోటారు ఎప్పుడేస్తారో చెబుతాడు. తర్వాత మొదలవుతుంది అసలు సంగతి. "ఏ ఊరండీ మీది?" ఉయ్యూరు దగ్గరండీ. "దగ్గరంటే?" ఊరి పేరు చెబుతాం. "ఆ ఊళ్ళో మాకు చుట్టాలున్నారే! ఇంటిపేరేంటి?" ఇంటిపేరుతో తేలకపోతే ఊళ్ళో ఏ బజారంటాడు. బజారుతోనూ తేలకపోతే ఇక మొహమాటం వుండదు. "ఏమనుకోకండి, మీరేవిట్లు?" కృష్ణా జిల్లాలో పుట్టినవాడెవడికీ ఈ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళ దగ్గర ఇంకో తూకం వుంది. ఇంటావిడ మన ఆడమనిషి నుదురు చూస్తుంది, మెడ చూస్తుంది. "ఆదివారాలు ఇంట్లోనే వుంటారామ్మా?" అంటుంది. చర్చికి వెళ్తారా అని అడగడానికి ఎంత మర్యాదైన దారి!

కాదని మొహం మీద ఎవరూ అనరు. అలా అనే రోజులు పోయాయి, అదే అభివృద్ధి. "మాకేం పట్టింపుల్లేవండీ, మా అత్తగారు పెద్దావిడ." "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చెళ్ళారు, మర్చేపోయాను." "మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తానంటున్నాడు." వారం తర్వాత అదే వీధిన పోతే బోర్డు అలాగే వేలాడుతుంటుంది. అబ్బాయి విమానం ఇంకా దిగలేదు కాబోలు. తిండి సంగతయితే మరీ వింత. శాకాహారులకు మాత్రమే అని బోర్డు కట్టినవాడితో కనీసం తగువు తేలిగ్గా పెట్టుకోవచ్చు. ఆదివారం కోడికూర, పండక్కి రొయ్యలు వండుకునే ఇంటివాడు కూడా "మీరు అవీ ఇవీ తింటారు గదా" అంటాడు. అవీ ఇవీ అంటే పెద్దకూర. బ్రోకర్లకి ఇవన్నీ ముందే తెలుసు. "ఆ వీధి మీకు సెట్టవదు సార్" అని మనకే మేలు చేస్తున్నట్టు చెప్పి సింగ్‌నగర్ వైపు బండి తిప్పుతారు.

ఇది చదువూ ఉద్యోగమూ లేకపోవడం వల్ల వచ్చిన కష్టం అనేవాళ్ళకి 1917 బరోడా గుర్తు చెయ్యాలి. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి సంస్థానం ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కి ఆ ఊళ్ళో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని వున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అదే 1917 నవంబరులో మన బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. పంచములం కాదు, ఆది ఆంధ్రులం, ఈ నేలకి మొదటివాళ్ళం అని తీర్మానించుకున్న సభ అది. ఆ సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని మన చరిత్ర చెబుతుంది. తలుపు మూయడం ఈ ఊరికి కొత్త విద్య కాదు.

2024 జనవరి 19న ఇదే ఊళ్ళో స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. సామాజిక న్యాయ మహాశిల్పం అని పేరు పెట్టారు. నగరం నడిబొడ్డున ఆయన నిలబడటం మనకి గర్వమే, కాదనను. అయితే ఆ మైదానం చుట్టూ వున్న వీధుల్లో ఆయన ఫోటో గోడకి తగిలించుకునే కుటుంబానికి రెండు గదులు అద్దెకిచ్చే ఇళ్ళెన్నో ఎవరైనా లెక్క తియ్యాలి. ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరట్ బృందం ఇలాంటి లెక్కే తీసి 2015లో ప్రచురించింది. అగ్రకుల పేరుతో, దళిత పేరుతో, ముస్లిం పేరుతో ఇంటివాళ్ళని అడిగి చూశారు. దళితులకి కాదన్నారు, ముస్లిములకి ఇంకా ఎక్కువగా కాదన్నారు. బెజవాడకి అలాంటి లెక్క కావాలి.

మరి మనకి దొరికే పేటలేవి? ఊళ్ళో మన పల్లె ఎక్కడ వుంటుందో తలుచుకోండి. కాలవ నీళ్ళు ముందు ఊరికి వెళ్తాయి, ఊరి మురుగు పల్లెకొస్తుంది. నగరం కూడా అదే పటం గీసుకుంది. కొండ మీద గుడిసెలు, కరకట్ట కింద లంకలు, బుడమేరు పక్కన పల్లం. అన్ని కులాల పేదలూ వున్నారక్కడ, మనం ఎక్కువగా వున్నాం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్ళు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడు బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగాయి. ఆ పక్కరోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. గుక్కెడు మంచినీళ్ళ కోసం మేడ మీద నిలబడి చేతులూపిన జనాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. 2005లోనూ బుడమేరు ఇలాగే వచ్చింది. పల్లమని తెలిసీ కాలనీలు అక్కడే ఎందుకు కట్టారు? భూమి చౌక గనక. వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన. కాలనీ పేరు మధ్యలో అంబేడ్కర్ వున్నాడు. ఆయన్ని కూడా పల్లంలోనే పెట్టారు.

చట్టం లేదా అంటే వుంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను తీసి చూడండి. అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా సరే ఒక మనిషిని ఇల్లు కట్టుకోనివ్వకపోయినా, కొనుక్కోనివ్వకపోయినా, కాపురం వుండనివ్వకపోయినా నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు. ఈ సెక్షను సంగతి మన ప్లీడర్లలోనే చాలామందికి పట్టదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద మనల్ని వున్న ఇంటి నుంచి బలవంతాన వెళ్ళగొట్టడం నేరం. అంటే దిగాక కులం తెలిసి సామాను బయటికి విసిరితే కేసుంది. గుమ్మంలోనే నవ్వుతూ అబద్ధమాడిన వాడి మీద రుజువు ఎక్కడ తెస్తాం? మరోపక్క 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదులో పార్శీలకే సభ్యత్వమనే గృహ సొసైటీ నియమం చెల్లుతుందంది. బరోడా సత్రం వున్నదీ గుజరాతులోనే.

డెల్టాలో మనవాళ్ళకి ఇంకో మెలిక వుంది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో చర్చి లేని పల్లె అరుదు. ఇంటాయన మెడలో సిలువ చూసి, ఓహో వీళ్ళు ఆ కులంవాళ్ళే అని తేల్చుకుంటాడు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో అదే సిలువ చూసి, మతం మారాక ఎస్సీ కాదు, ఆ చట్టం వర్తించదంది. గేటు దగ్గర సిలువ కులాన్ని చెబుతుంది, కోర్టులో సిలువ కులాన్ని చెరిపేస్తుంది. రెండు చోట్లా నష్టపోయేది మనమే.

కాబట్టి కొందరు తెలివైన దారి పట్టారు. ఇంటిపేరు పొడక్షరాల్లోకి కుదించడం, అడిగితే ఇంకేదో కులం చెప్పడం, పిల్లలకి ముందే పాఠం నేర్పడం. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. బడి తెరిచే వేళ పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్ళకి ఆ అవసరం తెలుసు. కానీ అలా దొరికిన ఇంట్లో ఎవరు కాపురం వుంటున్నట్టు? ఊర్నుంచి అమ్మ వస్తానంటే గుండె దడ. అమ్మ మాట తీరు, అమ్మ చేతిలో బైబిలు, వీధిలో నిలబడి పిలిచే పిలుపు, అన్నీ ప్రమాదమే. నన్నడిగితే ఇంటికి మొదటి పరీక్ష మోటారు కాదు, వాస్తు కాదు. ఊళ్ళో నాట్లేసిన మా అమ్మ పగటిపూట ఆ వీధిలోకి వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి, అరుగు మీద కూర్చోగలదా?

ఇంకో వాదన వుంది. మనవాళ్ళున్న చోటే వుందాం, వాళ్ళ వీధి మనకెందుకు అని. ఇది పిరికిమాట కాదు. 1942లో నాగపూరు సభలో అంబేడ్కర్ దళితులకి వేరే ఊళ్ళు కావాలన్నాడు. 1968లో కంచికచర్లలో దొంగతనం మోపి కోటేశుని తగలబెట్టారు. 1985 జులై 17న కారంచేడు జరిగాక మనవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో డేరాలేసుకున్నారు. తిరిగి ఆ ఊరికి పొమ్మంటే పోమన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా పుట్టింది. అది వాళ్ళు నిర్ణయించుకున్న చోటు. వాంబే కాలనీ ఆఫీసు నిర్ణయించిన చోటు. ఈ తేడా మర్చిపోయి రెంటినీ దళిత కాలనీ అనేస్తే ఎలా? కలిసి వుందాం, కానీ మెరక మీద వుందాం. రాజధాని ప్లానులు గీసేవాళ్ళని అడగాల్సింది ఊరి చివర రెండు సెంట్లు కాదు, నడి ఊళ్ళో అద్దె ఇళ్ళు. పటమటలోనే 1947 నుంచీ గోరా నాస్తిక కేంద్రం వుంది, సహపంక్తి భోజనాలు పెట్టింది. కులం అడగని గేటు ఆ పేటలోనూ సాధ్యమేనని దాన్నిబట్టి తెలియడం లేదా? ప్రభుత్వం కట్టే ఇళ్ళకి ఆ గేటు ఎందుకు వుండదు?

ఒక్క మాట మనింటి సంగతి కూడా. ఇరవై ముప్పై ఏళ్ళ సర్వీసులో మనవాళ్ళు కొందరు ఇళ్ళు కట్టుకున్నారు. పై వాటాకి టు-లెట్ బోర్డు కడుతున్నారు. ఆ గేటు దగ్గర కూడా మాదిగ కుర్రాడికి మాల ఇంటాయన, మాల కుర్రాడికి మాదిగ ఇంటాయన, ముస్లిం కుటుంబానికి ఇద్దరూ కలిసి "నిన్ననే అడ్వాన్సు తీసుకున్నాం" అంటున్నారని వింటున్నాం. రెల్లి కుటుంబం వస్తే గేటు గొళ్ళెమే తియ్యడం లేదట. ఆ ఇళ్ళలో హాల్లో గోడ మీద ఎవరి ఫోటో వుందో, ఈ పత్రిక ఏ బల్ల మీద వుందో వాళ్ళే చెప్పాలి.