మిక్సీ కొన్నట్టే టూల్స్ కూడా కొందాం

కుక్కర్ కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతాం. పక్కింటావిడను అడుగుతాం. గ్యారంటీ కార్డు అటూ ఇటూ తిరగేసి చూశాక గానీ పర్సు తీయం. అదే ఇంట్లోకి ఒక డ్రిల్లో, గ్రైండరో, కారు చక్రాల నట్లు విప్పే మిషనో వస్తుందంటే మాత్రం "అదంతా మగవాళ్ళ యవ్వారంలే" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. వెళ్ళకూడదని నేనంటాను. ఖర్చయ్యే డబ్బు ఇంటిది. ఆ మిషను పట్టుకుని కారు కింద దూరే మనిషి మనవాడు. రెండిట్లోనూ మన మాట ఉండాల్సిందే.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. ఇక్కడ కత్తిపీటను కడిగి, తుడిచి, నూనె చెయ్యి రాయకపోతే రెండో రోజుకే ఎర్రబారుతుంది. ఆరుబయట ఉండే కారు సంగతి చెప్పేదేముంది? చక్రాల నట్లు, సైలెన్సరు, అడుగు రేకులు అన్నిటినీ ఉప్పుగాలి తినేస్తుంది. చిన్న పనికి కూడా నెల్లూరు టౌనుకి పాతిక కిలోమీటర్లు పోయి, ఒక పూట అక్కడ కూర్చుని రావాలి. అందుకే మా ఆయనా, మా వాడూ కొన్ని పనులు ఇంట్లోనే చేసుకుందాం అనుకున్నారు. నాకూ అది ఇష్టమే. పేచీ వచ్చింది ఏం కొనాలన్న దగ్గర.

మా వాడు ఫోనులో ఒక ప్రకటన తెచ్చి చూపించాడు. ఊరూ పేరూ లేని కంపెనీ, నట్లు విప్పే బ్యాటరీ మిషను, రెండు బ్యాటరీలు, పెట్టె నిండా సామాను. పైన పెద్ద అక్షరాలతో '88 వీఎఫ్' అని ఉంది. "అమ్మా, 88 వోల్టులంట, ఇంత తక్కువకి ఎక్కడా రాదు" అన్నాడు. మనకు అర్థం కావాల్సింది ఇక్కడే. ఇలాంటి మిషన్లలో ఉండే లిథియం సెల్ ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు. ఐదు సెల్స్ వరసగా కలిపితే 18. నిండా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్ 4.2 దాకా పోతుంది, అప్పుడు లెక్క 21. అందుకే ఇంచుమించు ఒకే రకం బ్యాటరీని ఒకరు 18 అంటారు, ఒకరు 20 అంటారు, ఇంకొకరు 21 అంటారు. మరి అరచేతిలో పట్టే డబ్బాలో 88 వోల్టులు ఎక్కడినుంచి వస్తాయి? ఆ 'వీఎఫ్' అనే రెండక్షరాలు వోల్టులు కావు, మనం వోల్టులని అనుకోవాలని వేసినవి. చీర అంచు మీద జరీ మెరుపు చూసి పట్టు అనుకోవడం లాంటిదే ఇది. మనం చీరను మడత విప్పి చూస్తాం కదా, దీన్నీ అట్టాగే విప్పి చూడాలి.

నిజానికి ఈ మిషన్లు మనకు కొత్తవేం కావు. వైరుతో నడిచే మామూలు డ్రిల్లులో, గ్రైండరులో ఉండే మోటారూ, మన మిక్సీలో ఉండే మోటారూ ఒకే జాతివి. రెండిట్లోనూ కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి అరిగితే మార్చాలి. రెండూ ఆపకుండా నడిపితే వేడెక్కి కాలిన వాసన కొడతాయి. మిక్సీ కొనేటప్పుడు మనం అడిగేదేమిటి? వాట్లు ఎన్ని, రిపేరు మన ఊళ్ళో చేస్తారా, జార్ విడిగా దొరుకుతుందా అని. టూల్స్‌కీ అవే ప్రశ్నలు చాలు.

రిపేరు సంగతి ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, అసలు మన దేశంలో మిక్సీ కథే అక్కడ మొదలైంది. 1960ల్లో మాధురీ మాథుర్ అనే ఇల్లాలి జర్మన్ మిక్సర్ మన మసాలాలకు, పప్పులకు తట్టుకోలేక కాలిపోయింది. దాన్ని ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన వంటకు తగ్గ మోటారుతో ఒకటి తయారు చెయ్యమని ఆవిడ పట్టుబట్టింది. అట్టా పుట్టిందే సుమీత్ మిక్సీ. బాగుచేయించుకోలేని వస్తువు ఎంత గొప్పదైనా మనది కాదని ఒక ఇల్లాలు అప్పుడే చెప్పింది. ఇవాళ ప్రభుత్వం కూడా ఆ మాటే అంటోంది. కొన్నవాళ్ళకు రిపేరు చేయించుకునే హక్కు ఉండాలని 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. అందులో ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలను కూడా చేర్చింది. ఫోనులో దొరికే పేరులేని మిషనుకు బ్రష్ పోతే, బ్యాటరీ పోతే ఎక్కడ అడుగుతాం? పైగా మన ఉప్పుగాలికి బ్యాటరీ కాంటాక్టులు పచ్చబడతాయి. ఆర్నెల్లకు ఒకసారి తీసే ఇంట్లో వైరు మిషనే మేలు.

ఇక ఏం కొనాలి? నా వరస వేరు. కరెంటు మిషనుకన్నా ముందు ప్రాణం నిలిపేవి కొనాలి.

మొదటిది జాక్ స్టాండ్లు, ఒక జత. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికే గానీ, దాని నమ్మకం మీద మనిషి కారు కింద దూరడానికి కాదు. మన పెరట్లో ఇసుక నేల, జాకీ ఒక పక్కకు కుంగితే కారు మనిషి మీదికి వస్తుంది. గట్టి సిమెంటు నేల మీద స్టాండ్లు పెట్టాకే ఎవరైనా కిందకు వెళ్ళాలి. ఈ ఒక్క షరతు మీద నేను ఇంట్లో రాజీ పడను.

రెండోది టార్క్ రెంచి. ఇంత బలంతో బిగించాలి అని లెక్క పెడితే, అక్కడికి రాగానే 'టిక్కు'మనే పానా. చిన్న కార్ల చక్రం నట్లకు మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు, మీ కారుకు ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తక్కువ బిగిస్తే చక్రం వదులవుతుంది. మిషనుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే బోల్టు సాగుతుంది, దారిలో పంక్చరైన రోజు ఆడమనిషి ఒక్కతే ఉంటే ఆ నట్టు ఊడదు. ఊరికే చెప్పడం లేదు, మా ఇంట్లో చివరి బిగింపు నాదే. దానికి కండబలం అక్కర్లేదు, 'టిక్కు' వినబడితే చాలు.

మూడోది రెండడుగుల పిడి ఉన్న పానా. పిడి పొడుగయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, మనకు ఇది వేరే చెప్పాలా? తుప్పు పట్టిన నట్టు మీద ముందు రోజు రాత్రి డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి వదిలేస్తే పొద్దున్నే లొంగుతుంది. అది 1953లో అమెరికాలో తేమను తోలెయ్యడానికి నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన ద్రవం, పేరులోని 40 అదే. బ్రేకుల మీద మాత్రం పడనియ్యకూడదు. నట్టు ఊడాక మరలమీద నూనె తుడిచెయ్యాలి, లేకపోతే బిగింపు లెక్క తప్పుతుంది. ఇవి ఉన్నాక నట్లు విప్పే మిషను లేకపోయినా ఇంటి పని ఆగదు.

ఇప్పుడు కరెంటు సామాను. కారు సాకెట్టులో పెట్టుకునే 12 వోల్టుల టైరు పంపు ఒకటి. వేగం తగ్గించుకునే వీలు, వెనక్కి తిరిగే వీలు ఉన్న 13 మిల్లీమీటర్ల వైరు డ్రిల్లు ఒకటి. తీగ బ్రష్ తగిలిస్తే తుప్పు గీకుతుంది, కర్టెన్ రాడ్డుకూ పనికొస్తుంది. దాని మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉందా చూడండి, డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా కనుక్కోండి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, అది వేడెక్కుతుంది.

గ్రైండరు మాత్రం ఆఖరున, అదీ అవసరం పడితేనే. నాలుగంగుళాల గ్రైండరు బిళ్ళ నిమిషానికి పదివేల సార్లకు పైగా తిరుగుతుంది. గార్డు తీసేసి వాడేవాళ్ళను, చెక్క కోసే పళ్ళ బిళ్ళ బిగించేవాళ్ళను చూస్తే నాకు కడుపులో దడ పుడుతుంది. ఏ మిషను తిరుగుతున్నా చున్నీ, పైట చెంగు, జడ దూరంగా ఉండాలి. కళ్ళద్దాలు లేకుండా స్విచ్ నొక్కకూడదు.

మొత్తం కలిపితే సుమారు పది వేలు. పెద్ద కంపెనీ బ్యాటరీ మిషను ఒక్కటే అంతవుతుంది.

"మెకానిక్ పొట్ట కొట్టడమా?" అని మా ఆడపడుచు అడిగింది. కాదు. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు ఆయన పనే, వాటి జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. గాలి, నట్లు, ఫిల్టరు, తుప్పు, కడగడం వరకే మనది. కడిగేటప్పుడు కూడా మంచినీళ్ళతోనే. సముద్రం పక్కన చాలా బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయి, వాటితో కడిగితే తుప్పుకు మనమే చోటిచ్చినట్టు.

దసరాకు ఆయుధపూజ రోజు పసుపు కుంకాలు పెట్టేది మనం. ఆ పెట్టెలో ఏముందో, అది ఏం చేస్తుందో, ఎవరి చెయ్యి తీస్తుందో తెలియకుండా బొట్టు పెట్టి ఏం లాభం? ఈసారి ఇంట్లో టూల్స్ మాట వచ్చినప్పుడు మీరూ కుర్చీ లాక్కుని కూర్చోండి. మొదటి ప్రశ్న మాత్రం ఇదే అడగండి, "స్టాండ్లు కొన్నారా?"