టిప్పు పేరుతో ఎగ్గొట్టిన జీతం

హోటల్ బిల్లులో సర్వీస్ చార్జ్ బలవంతంగా వేయకూడదని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెబితే మన మధ్యతరగతి పండగ చేసుకుంది. ఆ వార్త ఏ వాట్సాప్ గ్రూపులోకి వచ్చినా కింద ఒకటే మాట: ‘బాగా చూసుకుంటే మనమే ఇస్తాం, లాక్కోవడం ఏమిటి?’ వినడానికి ఎంత ధర్మంగా ఉందో. సర్వీస్ బాగుంటే టిప్పు, లేకుంటే లేదు. ఇచ్చేవాడి ఇష్టం, పుచ్చుకునేవాడి ప్రాప్తం. లాక్కోవడం తప్పన్నంత వరకు నాకూ పేచీ లేదు. ‘ఇష్టముంటే ఇస్తాం’ అన్నదాన్ని న్యాయం అంటున్నారే, పేచీ అక్కడ.

సర్వీస్ చార్జ్ సంగతి ముందు తేల్చేద్దాం. వెయ్యి రూపాయల భోజనానికి పది శాతం చొప్పున వంద వేస్తారు. ఆ పదకొండు వందల మీద ఐదు శాతం జీఎస్టీ. వెయ్యీ యాభై కావలసిన బిల్లు 1,155 అవుతుంది. ఇది కస్టమర్ ఇష్టానికే వదలాలని కేంద్రం 2017లోనే చెప్పింది, ఎవరూ వినలేదు. 2022 జూలై 4న వినియోగదారుల పరిరక్షణ సంస్థ గట్టిగా మార్గదర్శకాలిచ్చింది. హోటల్ సంఘాలు కోర్టుకెళ్లి పదహారు రోజుల్లో స్టే తెచ్చుకున్నాయి. చివరికి ఓడిపోయి, చెరో లక్ష ఖర్చులు కట్టమనిపించుకున్నాయి. కానీ ఆ సంఘాల వాదన ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ డబ్బు వెయిటర్‌కే కాదు, వంటవాళ్లకీ, గిన్నెలు తోమేవాళ్లకీ పంచుతాం, కార్మికుల కోసమే వసూలు చేస్తున్నాం అన్నారు. పంచితే సంతోషమే. ఎంత వసూలైంది, ఎవరికెంత ముట్టింది, ఆ లెక్క ఎవరికి చూపించాలి? మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. సొమ్మొకడిది, సోకొకడిది.

సరే, సర్వీస్ చార్జ్ పోయింది. కార్మికుడికేం మిగిలింది? మన దయ.

ఆ దయ ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఏ టూరిస్టు ఊళ్లోనైనా పనిలో చేర్చుకునేటప్పుడు చెప్పే మాట వినాలి: ‘జీతం తక్కువే, కానీ సీజన్లో టిప్పులు బాగా వస్తాయి.’ అంటే యజమాని ఇవ్వాల్సిన జీతంలో కొంత భాగం, ఇంకా ఊళ్లోకి అడుగే పెట్టని టూరిస్టు జేబులో ఉందన్నమాట. అమెరికాలో ఈ ఏర్పాటు చట్టంలోనే ఉంది. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, మిగతాది టిప్పుల్లో రావాలి, అది 7.25 డాలర్ల కనీస వేతనానికి చేరకపోతేనే ఆ లోటు యజమాని పూడ్చాలి. ఆ 2.13 అంకె 1991 నుంచి కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తున్నాయిగానీ ఫెడరల్ లెక్క అదే. అక్కడున్న మన పిల్లలు కాఫీ కొన్నా స్క్రీన్ మీద 18, 20, 25 అని శాతాలు అడుగుతోందని విసుక్కుంటారు. విసుగు ఆ స్క్రీన్ మీద కాదు, ఆ 2.13 మీద రావాలి. మన దగ్గర టిప్పును చూపించి కనీస వేతనం తగ్గించుకోమని ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం లేకుండానే పని జరిగిపోతోంది.

‘టిప్పు ఆశ ఉంటేనే కదండీ బాగా చేస్తారు’ అనేవాళ్లు ఒక్క క్షణం అరకులో కూర్చుని ఆలోచించాలి. చలికాలంలో విశాఖ నుంచి వచ్చి, బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని వెళ్లిపోయే కుటుంబం మళ్లీ అదే హోటల్లో అదే టేబుల్ దగ్గర కూర్చునేది ఎప్పుడు? ఊళ్లో రోజూ వెళ్లే టిఫిన్ సెంటర్లోనైతే ఇవాళ్టి టిప్పు రేపటి మర్యాదకు పనికొస్తుంది. టూరిస్టుకు రేపు లేదు. టిప్పు వచ్చేది భోజనం అయ్యాక. అందాకా ఆ వెయిటర్‌కు ఈయన ఇస్తాడో ఇవ్వడో తెలియదు. కార్నెల్ యూనివర్సిటీలో టిప్పుల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మైకేల్ లిన్ తేల్చింది కూడా సర్వీసు నాణ్యతకూ టిప్పు సైజుకూ సంబంధం చాలా పలచనిదనే. 2008లో ఆయన మరికొందరితో కలిసి చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది: ఒకే రెస్టారెంట్లో నల్లజాతి వెయిటర్లకు తెల్లవాళ్లకన్నా తక్కువ టిప్పు వస్తోంది. మన దగ్గర ఎవరైనా ఇలాంటి లెక్క తీస్తే ఏ ఇంటిపేరుకు, ఏ రంగుకు, ఏ యాసకు తక్కువ పడుతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

టిప్పు చేతికందే వాళ్లెవరో కూడా చూడండి. బిల్లు ఫోల్డర్లో సోంపు, పటికబెల్లం ముక్కలు, చిల్లర. అనుభవమున్న వెయిటర్ వంద నోటుకు బదులు పదులూ ఇరవైలూ పెట్టి తెస్తాడు. పదులు కనిపిస్తే వదిలేయడం సులువు కదా. ఇప్పుడు ఆ చిల్లరా పోయింది. టేబుల్ మీద క్యూఆర్ కోడ్, ఫోన్లో సరిగ్గా 847 రూపాయలు, డబ్బులు అందాయని స్పీకరు చదివేస్తుంది, కుర్చీ వెనక్కి జరుగుతుంది. పైన యాభై కలిపి కొట్టినా అది చేరేది యజమాని ఖాతాకే. పొయ్యి దగ్గర చెమట కక్కేవాడు, సింకు దగ్గర నిలబడేవాడు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. లాడ్జిల్లో మరీ అన్యాయం. మనం బయట తిరుగుతుండగా వచ్చి దుప్పట్లు మార్చి, బాత్‌రూమ్ కడిగిన మనిషి మొహం మనం చూడనైనా చూడం. ఖాళీ చేసే రోజు ‘వెళ్తున్నారా సార్’ అంటూ పెట్టె అందుకున్న కుర్రాడికి వంద దొరుకుతుంది. ఆ కుర్రాడిదీ తప్పు కాదు, ఆ వంద వాడి అద్దెలో భాగం.

ఈ దయ చరిత్ర కూడా అంత గొప్పదేమీ కాదు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక పుల్‌మన్ రైలుపెట్టెల కంపెనీ విడుదలైన నల్లజాతి వాళ్లను పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం నామమాత్రం, బతుకంతా టిప్పుల మీద. కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ కాబట్టి ప్రయాణికులు ప్రతి పోర్టర్నీ ‘జార్జ్’ అనే పిలిచేవారు, సొంత పేరుతో పనే లేదన్నట్టు. 1925లో యూనియన్ పెట్టుకున్న ఆ పోర్టర్లు అడిగింది ఎక్కువ టిప్పులు కాదు, టిప్పు కోసం చెయ్యి చాపక్కర్లేని జీతం. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 వరకు పట్టింది.

మన తిరుమలనే తీసుకోండి. కల్యాణకట్టలో గుండు ఉచితం, క్షురకులకు డబ్బులివ్వొద్దని టీటీడీ ఏళ్లుగా చెబుతోంది. అయినా తల వంచి కూర్చున్నాక ‘ఎంతో కొంత ఇవ్వండి స్వామీ’ అన్న మాట వినని కుటుంబం తక్కువ. వెంటనే అవినీతి, దోపిడీ అంటాం. గుండుకింత అని పీస్ రేటు మీద పనిచేసేవాళ్లున్న చోట చెయ్యి చాపడం ఆగాలంటే ఆ రేటుతో ఇల్లు గడవాలి. రిసార్టులో ఇచ్చిన రెండొందలు మన పెద్దమనసు, కల్యాణకట్టలో అడిగిన ఇరవై వాళ్ల అత్యాశ. అదేం లెక్కో!

జీతాలు పెంచితే మెనూ ధర పెరుగుతుంది, కస్టమర్ రాడు అంటారు యజమానులు. ధర పెంచొద్దని కేంద్రమూ అనలేదు, కోర్టూ అనలేదు. ఎంత కావాలో అంతా మెనూలోనే రాసుకోమన్నాయి. అయితే ఒక్క హోటల్ ఈ పని చేస్తే నష్టపోతుందన్న భయంలో నిజముంది. న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరున్న రెస్టారెంట్ యజమాని 2015లో టిప్పులు ఎత్తేసి ధరలు పెంచాడు, 2020లో మళ్లీ టిప్పులకే వచ్చాడు. ఆ ప్రయోగం ఐదేళ్లకు మించి నిలబడలేదు. అందుకే ఇది మంచి యజమానుల మీద వదిలేసే పని కాదు. ఫ్రాన్స్‌లో 1987 నుంచి మెనూ ధరలోనే సర్వీసు కలిసి ఉండాలని నియమం, అందరికీ ఒకటే. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం టిప్పు గానీ సర్వీస్ చార్జ్ గానీ యజమాని పైసా కోసుకోకుండా సిబ్బందికి పంచాలి, మూడేళ్ల లెక్కలు దాచాలి, అడిగిన ఉద్యోగికి చూపించాలి. ఏటా కోట్లమంది యాత్రికులొచ్చే మన రెండు రాష్ట్రాలూ టూరిజం పాలసీల్లో రిసార్టులకు రాయితీలు రాస్తాయి కదా, ఆ రాయితీ తీసుకునేవాడు సిబ్బందికి ఏమిస్తున్నాడో గోడ మీద రాసిపెట్టాలని ఒక్క వాక్యం చేర్చడానికి అడ్డమేమిటి?

అది వచ్చేదాకా మీరొక పని చేయండి. బిల్లులో సర్వీస్ చార్జ్ కనిపిస్తే తీయించండి, తీయకపోతే 1915కు ఫోన్ చేయండి. తీయించిన ఆ వంద మాత్రం జేబులో వేసుకోకండి. నోటు రూపంలో వెయిటర్ చేతికిచ్చి, లోపలివాళ్లతో కలిసి పంచుకోమని చెప్పండి. అతను నవ్వినా, నవ్వకపోయినా.